మిరప చేలల్లో వలస పిల్లల దగ్గరికి వెళ్తున్నాం – పోయినేడు చేసిన తప్పు మళ్ళీ చెయ్యకూడదని అడుగుతున్నా

బ్రాడీపేట అక్క | జనవరి 19, రాత్రి 9:50

అందరికీ వందనాలు. మాది గుంటూరు. మా చర్చి సంఘంలో స్త్రీల సమాజం, యూత్ కలిసి సంక్రాంతి వెళ్ళాక ఒక శనివారం ప్రత్తిపాడు వైపు మిరప చేలకి వెళ్తాం. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి ఇళ్ళకి తాళాలేసుకుని కుటుంబాలకి కుటుంబాలే కోతలకి వచ్చి, చేల పక్కనే బరకాలు కట్టుకుని ఉంటాయి. పోయినేడు అరవై స్కూలు బ్యాగులు, రంగులేసే పుస్తకాలు, బిస్కెట్లు పట్టుకెళ్ళాం. రెండు పాటలు, చిన్న వాక్యం, ప్రార్థన, బ్యానర్ పట్టుకుని ఫోటో. మధ్యాహ్నానికల్లా ఇళ్ళకి వచ్చేశాం.

ఒక పిల్లాడు, ఏడేళ్ళుంటాయేమో, బిస్కెట్ ప్యాకెట్ పళ్ళతో చింపి, చెయ్యి పెట్టకుండా నోటితోనే బిస్కెట్ లాక్కుని తిన్నాడు. మా యూత్ వాళ్ళు ముద్దొస్తున్నాడని ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. అన్నిటికంటే దానికే ఎక్కువ లైకులు వచ్చాయి. బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ నాకు చెప్పింది, పొద్దుటి నుంచి కాయ కోసిన చేతులంట, నోట్లో పెట్టుకుంటే మంటంట. నేను ఆ మాట యూత్ వాళ్ళకి చెప్పలేదు. ఫోటో ఇంకా అలాగే ఉంది.

ఇంకో తల్లి బ్యాగు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "సంచి ఊర్లో ఉండాదిమా, బడే ఈడ లేదు" అంది.

ఈసారి చేతిలో నలభై వేలున్నాయి. ఫిబ్రవరి మొదటి శనివారం వెళ్ళాలి. ఏం తీసుకెళ్తే ఉపయోగమో తెలిసినవాళ్ళు చెప్పండి.

---

డాలస్ తమ్ముడు | జనవరి 19, రాత్రి 10:22

అక్కా, మంచి పని. పాఠాలన్నీ ఎక్కించిన ట్యాబ్‌లు ఓ పది ఇద్దాం. బడి లేకపోతే ఏం, బడే వాళ్ళ దగ్గరికొస్తుంది. వెయ్యి డాలర్లు నేను పంపిస్తా, సంఘం అకౌంట్ నంబర్ ఇవ్వండి.

---

నల్లరేగడి | జనవరి 20, ఉదయం 5:40

ఛార్జింగ్ ఎక్కడ పెడతారు బాబూ, మిరప చెట్టుకా?

నేను రైతుని. నాలుగెకరాల తేజ రకం మిరప వేశా, మా చేలోనూ వాళ్ళే కోస్తున్నారు. ముఠాలో పాతికమంది, పిల్లలు ఓ తొమ్మండుగురు. చీకటి పడితే ఫోన్లకి ఛార్జింగ్ కోసం మా మోటారు షెడ్డు దగ్గర క్యూ కడతారు. ట్యాబ్ ఇస్తే రెండో రోజుకే, ముఠాని తోలుకొచ్చే మేస్త్రీ కొడుకు చేతిలో ఉంటుంది.

బ్రాడీపేట అమ్మా, ఆ పిల్లాడి సంగతి చదివి నవ్వూ వచ్చింది, బాధా వేసింది. మిరప ఘాటు వట్టి నీళ్ళతో పోదు. ముందు నూనె రాసి పాత గుడ్డతో తుడిచెయ్యాలి, ఆ తర్వాతే సబ్బు. మా ఆడవాళ్ళయితే ఆముదమో కొబ్బరినూనో రాస్తారు. మీ బ్యాగు డబ్బుతో ఇంటికో నూనె సీసా వచ్చేది.

---

సీతాఫలం | జనవరి 20, ఉదయం 8:15

ఉన్నమాట అడుగుతా, కోపగించుకోకండి. బిస్కెట్ ఇచ్చి పాట పాడించడం దేనికి? ఆకలితో ఉన్న పిల్లాడు ఏ దేవుడి పాటైనా పాడతాడు. సేవే చెయ్యాలనుకుంటే వాక్యం, ప్రార్థన లేకుండా వెళ్ళలేరా?

---

నిర్వాహకుడు | జనవరి 20, ఉదయం 8:40

ఈ ప్రశ్న అడగొచ్చు, జవాబూ చెప్పొచ్చు. మతాల మీద తిట్లు మాత్రం వద్దు. ఇప్పటికే రెండు వ్యాఖ్యలు తీసేశాను.

---

పాత కాగితాలు | జనవరి 20, ఉదయం 11:05

సీతాఫలం గారి ప్రశ్న నూట యాభై ఏళ్ళ నాటిది. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఊరికే గంజి పొయ్యకుండా పని చూపించి డబ్బిచ్చాడు. ఆ సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, కూటికోసం మతంలో కలిశారనే మాట పడకూడదని. ఇచ్చే చెయ్యి ఇస్తున్నంతసేపూ మతం సంగతి ఎత్తకపోవడమనేది అప్పట్లోనే ఒకాయన నియమంగా పెట్టుకున్నాడు.

---

సీతాఫలం | జనవరి 20, మధ్యాహ్నం 12:30

ఆ తర్వాతి ముక్క కూడా చెప్పండి మరి. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కూలి ఇచ్చిన చెయ్యి ఎవరిదో జనం మర్చిపోతారా? ఆపి ఇచ్చినా, ఇచ్చినట్టే.

---

పాత కాగితాలు | జనవరి 20, మధ్యాహ్నం 12:52

మర్చిపోరు, ఒప్పుకుంటా. కానీ అదొక్కటే కారణమైతే కరువు పోయాక వెనక్కి వెళ్ళిపోవాలి. కరువుకి పదేళ్ళ ముందే ఆ వైపు మాదిగపల్లెల్లో ఈ కదలిక మొదలైంది. కూడు ఒక కారణం, పక్కన కూర్చోబెట్టుకోవడం ఇంకో కారణం. రెండోదాన్ని మీరు లెక్కలోకి తీసుకోవడం లేదు.

---

పేటచివర | జనవరి 20, సాయంత్రం 6:10

మీ ఇద్దరి చరిత్ర అలా ఉంచండి. ఇప్పటి సంగతి ఒకటి చెప్తా, బ్రాడీపేట అక్కా, ఇది మీకోసమే.

మీ ఫేస్‌బుక్ ఫోటోల్లో ప్రార్థనకి తలవంచిన ఆడవాళ్ళున్నారా? ఉంటే ఇవాళే తీసేయించండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన దగ్గర క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ–సీ కిందికి వస్తారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. ఆ ముఠాల్లో బోయలుంటారు, కురబలుంటారు, మాదిగలూ ఉంటారు. రేపు ఆ మాదిగ పిల్ల హాస్టల్ సీటుకో, స్కాలర్‌షిప్‌కో వెళ్తే, గిట్టనివాడెవడో మీ ఫేస్‌బుక్ ఫోటో తీసి ఎమ్మార్వో ఆఫీసులో పెడతాడు. వాళ్ళు మతం మారలేదు, మీరూ మార్చలేదు, ఒక పూట తలవంచారంతే. ఆ సర్టిఫికెట్ కోసం తిరగాల్సింది మాత్రం వాళ్ళే.

మా ఇంట్లో ఇలాంటిది జరిగింది కాబట్టి చెప్తున్నా. వివరాలు వద్దు.

---

బ్రాడీపేట అక్క | జనవరి 20, రాత్రి 9:15

పేటచివర తమ్ముడూ, ఇది మాకెవరికీ తట్టలేదు. యూత్ సెక్రటరీకి ఇప్పుడే ఫోన్ చేశాను. ఆల్బం మొత్తం తీసేశారు. బిస్కెట్ ఫోటో తీసేసేటప్పుడు మాత్రం "అది మంచి ఫోటో ఆంటీ" అన్నాడు. అప్పుడు చెప్పాను చేతుల సంగతి. కాసేపు ఏం మాట్లాడలేదు పాపం.

---

ఉత్తరాల పిల్ల | జనవరి 20, రాత్రి 11:40

ఎప్పుడూ చదివి ఊరుకునేదాన్ని, ఈ చర్చ చూశాక ఊరుకోలేకపోయా.

నేను స్పాన్సర్‌షిప్ పిల్లని. ఒక మిషన్ హాస్టల్లో ఐదు నుంచి పది దాకా చదివాను. ఏ మిషనో చెప్పను, వాళ్ళ అన్నం తిన్నాను. ఏడాదికోసారి విదేశం నుంచి పదిమంది వచ్చేవాళ్ళు. వారం ముందు నుంచే మాకు రిహార్సల్. కొత్త గౌన్లు ఆ రోజు తొడిగి సాయంత్రం మడతపెట్టించి బీరువాలో పెట్టేవాళ్ళు. నా స్పాన్సర్ ఆంటీకి నెలకో ఉత్తరం రాయాలి. బోర్డు మీద వార్డెన్ రాసింది చూసి దించడమే: నేను బాగున్నాను, మీకోసం ప్రార్థిస్తున్నాను, మీరు పంపిన డబ్బుతో చెప్పులు కొనుక్కున్నాను. ఒకసారి చెప్పులు కొనలేదని రాశాను. ఆ ఉత్తరం వెళ్ళలేదు.

అలాగని ఆవిడ చెడ్డదా అంటే కాదు. నా పుట్టినరోజు ఒక్కసారీ మర్చిపోలేదు. ఇంటర్‌లో చేరేటప్పుడు ఆవిడ ఇచ్చిన డబ్బే ఆధారం. ఇప్పుడు నేను నర్సుని. కృతజ్ఞత లేదని ఎవరూ అనుకోకండి. కానీ పదకొండేళ్ళ పిల్లకి తన పేదరికాన్ని ఏ కోణంలో నిలబెట్టి చూపించాలో తెలిసిపోవడం ఎలాంటిదో ఆవిడకీ తెలీదు, మీకూ తెలీదు. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా ఇస్తే ముందు నవ్వేస్తాను, తర్వాత చూస్తాను ఏమిచ్చారో.

అక్కా, ఫోన్లు కారులో పెట్టి వెళ్ళండి. అంతే నా సలహా.

ఇంకొకటి. ఆడపిల్లల కోసం ఏదైనా తీసుకెళ్ళండి. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలుంటారు, చేలో ఎక్కడికి వెళ్తారు? పాత చీరలు, నాలుగు కర్రలు, ఒక బకెట్. ప్యాడ్లు అందరి ముందూ పంచకండి, పెద్దావిడ చేతికివ్వండి.

---

పడమటి పంతులు | జనవరి 21, ఉదయం 6:30

నేను కర్నూలు పడమటి మండలంలో గవర్నమెంట్ టీచర్ని. మీరు చేలో చూసిన పిల్లలు మా బడి రిజిస్టర్లో ఉంటారు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాను.

మా వైపు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. తుంగభద్ర పక్కనే పారతాది, మెట్ట చేన్లకి మాత్రం చుక్క రాదు. పత్తి అయిపోయినాక ఊర్లో పని ఉండదు. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చింటాడు. ఒక రాత్రి బొలెరోలు వస్తాయి, చెంబూ చాపా, బియ్యం మూట, మేక పిల్లతో సహా ఎక్కుతారు. తెల్లారి నేను హాజరు పిలిస్తే నలభైలో పదహారు మంది. వాళ్ళు మళ్ళీ ఉగాదికి వస్తారు. పదో తరగతి పిల్లలైతే పరీక్షలకి ముందు ఎట్లనో ఒకట్ల వస్తారు, కొందరు రారు.

పిల్లల్ని ఎందుకు తీస్కపోతారంటే, ఇంటి కాడ కూడు వండి పెట్టేవాళ్ళు లేక. అవ్వ ఉన్న ఇంట్లో పిల్లలు నిలబడతారు. చంటిబిడ్డ ఉంటే దాన్ని ఎత్తుకునేదానికి ఎనిమిదేళ్ళ అక్క పోవాల. అట్లాంటి పిల్లని బడి ఎగ్గొట్టిందని నేనెట్ల తిడతాను?

ఇందుకే సమగ్ర శిక్ష అనే గవర్నమెంట్ బడుల పథకం కింద సీజనల్ హాస్టళ్ళు పెట్టినారు. అంటే కొత్త బిల్డింగేం కాదు, సాయంత్రం బెంచీలు పక్కకి జరిపితే మా తరగతి గదే హాస్టల్. రాత్రికి, పొద్దునకి కూడు పెడతారు, మధ్యాహ్నం ఎట్లా బడి భోజనమే. మంచి ఏర్పాటు. తంటా ఏందంటే, అనుమతి కాగితం వచ్చేసరికి సగం మంది బొలెరో ఎక్కేసింటారు. ఒకసారి మేము ఊర్లో వాళ్ళమే చందా వేసుకుని పదైదు రోజులు ముందే మొదలుపెట్టినాం. ఆ ఏడు ఇరవై రెండు మంది నిలబడినారు.

కాబట్టి అమ్మా, మీ నలభై వేలలో కొంత ఆ ముందు పదైదు రోజులకి పెడితే, ఆ పిల్లోళ్ళు మీ చేన్లకే రారు. చూసేదానికి మీకు ఎవరూ ఉండరు, ఫోటోకీ ఉండరు. అది మీ సంఘం ఒప్పుకుంటాదా?

ఈ ఏడు వచ్చేసినోళ్ళకి ఇంకో దారి ఉంది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చూడండి. ఒక బడి నుంచి ఇంకో గవర్నమెంట్ బడికి మారే హక్కు పిల్లలకి ఉంది, టీసీ రాలేదని చేర్చుకోకపోవడానికి లేదు. మీ చేను పక్క ఊరి హెడ్మాస్టరు దగ్గరికి పిల్లల్ని నడిపించుకుని పోండి. పుస్తకాలు చదవకపోయినా ఫర్వాలేదు, గుడ్డు, చిక్కీ, రాగిజావ, నీడ, మరుగుదొడ్డి. మూడు నెలలు మిరప ఘాటులో దగ్గకుండా ఉంటారు.

---

నల్లరేగడి | జనవరి 21, ఉదయం 9:05

పంతులుగారూ, బడికి పంపడానికి నాకేం అభ్యంతరం లేదు. పిల్లల్ని కొయ్యమని ఏ రైతూ చెప్పడు. వాళ్ళకి కూలి కిలో లెక్కన. ఎన్ని చేతులుంటే అన్ని కిలోలు. అమ్మానాన్నలే గంప ఇచ్చి వరసలో నిలబెడుతున్నారు, మేమేం చేస్తాం?

---

పడమటి పంతులు | జనవరి 21, మధ్యాహ్నం 1:20

కిలో లెక్క పెట్టినప్పుడే పిల్లోడిని వరసలోకి పిలిచినట్లు, అన్నా. బాలకార్మిక చట్టానికి 2016 సవరణ తర్వాత పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. సొంత కుటుంబం పనికి, అదీ బడి అయిపోయాకనో సెలవుల్లోనో సాయం చెయ్యడానికి మినహాయింపు ఉంది. మీ చేను వాళ్ళ కుటుంబానిది కాదు కదా.

---

నల్లరేగడి | జనవరి 21, మధ్యాహ్నం 1:48

కాదు. కానీ కోతకూలి, మందులు, కౌలు పోను నాకు మిగిలేదెంతో కూడా చూడండి. రేటు పడిపోయిన ఏడు మా పిల్లల ఫీజే కట్టలేకపోయా. రోజుకూలికి మారితే మేస్త్రీ ఒప్పుకోడు, వేరే చేలోకి తోలుకుపోతాడు.

సరే. బడి మా ఊళ్ళో ఉంది, మా చేలకి రెండు కిలోమీటర్లు. కాలవ దాటాలి. పొద్దున్నే పాలు పొయ్యడానికి నా ఆటో ఎటూ ఊళ్ళోకి వెళ్తుంది, వెళ్ళేటప్పుడు ఎక్కించుకుంటా. సాయంత్రం తీసుకురావడం నా వల్ల కాదు, అది మీరు చూసుకోండి.

---

లెక్కల గుమాస్తా | జనవరి 21, రాత్రి 8:30

డాలస్ తమ్ముడికి ఒక హెచ్చరిక. మీకు అమెరికా పాస్‌పోర్ట్ వచ్చేసిందా? వస్తే మీ డబ్బు విదేశీ విరాళం కింద లెక్క. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేని సంఘం అది తీసుకోకూడదు. ఉన్నా, 2020 సవరణ నుంచి ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోకే రావాలి, అక్కడి నుంచి ఇంకో సంస్థకి మళ్ళించకూడదు. ఇండియా పాస్‌పోర్టే ఉంటే, మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ గొడవ లేదు. అకౌంట్ నంబర్ ఇలా బహిరంగంగా ఎవరూ పెట్టకండి.

---

డాలస్ తమ్ముడు | జనవరి 22, ఉదయం 7:10

ఇంకా మన పాస్‌పోర్టే అన్నా, గ్రీన్‌కార్డు లైన్లోనే ముసలాణ్ణయ్యేలా ఉన్నా. ట్యాబ్‌ల మాట వెనక్కి తీసుకుంటున్నా. సాయంత్రం ఆటో ఖర్చు నాది. మూడు నెలలకి ఎంతో చెప్పండి.

---

పాస్టరుగారబ్బాయి | జనవరి 22, ఉదయం 10:00

మా నాన్నగారు చదివి ఒక మాట చెప్పమన్నారు. ప్రార్థన మానెయ్యక్కర్లేదు, బయల్దేరే ముందు గుళ్ళో చేసుకోండి అన్నారు. చేలో ఎవరైనా తమంతట తాము "మా బిడ్డకి జ్వరం, ప్రార్థన చెయ్యండి" అంటే చెయ్యండి, చేశాక పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి, రెండూ చెయ్యండి అన్నారు.

మా నాయనమ్మ అన్నానికి ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో పోసేది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్ళేది. అది ఎవరి కంచంలోకి వెళ్తుందో ఆవిడకి తెలీదు, అడిగేదీ కాదు. పంతులుగారు అడిగారు కదా, చూడ్డానికి ఎవరూ లేకపోతే సంఘం ఒప్పుకుంటుందా అని. దానికి ఇది గుర్తొచ్చింది.

---

సీతాఫలం | జనవరి 22, ఉదయం 11:30

పాస్టరుగారి మొదటి మాటతో నాకు పేచీ లేదు. ఆటోకి డబ్బు తక్కువైతే ఒక నెలది నేనిస్తా. బ్యానర్ మీద నా పేరూ వద్దు, మీ పేరూ వద్దు.

---

బ్రాడీపేట అక్క | ఫిబ్రవరి 9, రాత్రి 10:05

వెళ్ళొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నా, క్షమించండి.

పదకొండుమందే వెళ్ళాం. ఫోటోలు లేవంటే యూత్‌లో నలుగురు రాలేదు. కొబ్బరినూనె సీసాలు, పాత గుడ్డలు, ఆరు పాత చీరలు, రెండు సోలార్ లైట్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసుకెళ్ళాం. నల్లరేగడి గారు కర్రలు పాతించి పెట్టారు, చీరలు కట్టేసరికి ఆడవాళ్ళంతా వచ్చి చూసి, ఇంకొకటి అవతల కూడా కట్టమన్నారు. పిల్లల చేతులకి నూనె రాసి తుడవడానికే గంటన్నర పట్టింది. గుడ్డలన్నీ ఎర్రబడ్డాయి. నా చేతులూ మండాయి, ఇంటికొచ్చి మర్చిపోయి కళ్ళద్దాలు తీసి కన్ను నులుముకున్నా, ఇక అడక్కండి.

సోమవారం బడికి తొమ్మిదిమందిని తీసుకెళ్ళాం. హెడ్మాస్టరుగారు ముందు టీసీ అడిగారు. సెక్షన్ కాగితం చూపించాక, "తెలుసమ్మా, బెంచీలే లేవు" అన్నారు. కింద కూర్చోబెడతామన్నారు. వారం తిరిగేసరికి ఆరుగురు వెళ్తున్నారు. ఒక పిల్ల చంటి తమ్ముణ్ణి వదిలి రాలేక మానేసింది. ఇద్దర్ని మళ్ళీ కోతలోకి దించారు. ఆ ఊరి పిల్లలు వీళ్ళ మాట విని నవ్వుతున్నారని కూడా విన్నాను, అది ఎలా ఆపాలో తెలీడం లేదు. సీజనల్ హాస్టల్‌కి పదిహేను వేలు పక్కన పెట్టాం. కమిటీలో పెద్ద వాదనే జరిగింది, "మన ఊరు కాదు, మన సంఘం కాదు" అని. చివరికి స్త్రీల సమాజం డబ్బుల్లోంచి ఇచ్చాం.

బిస్కెట్ పిల్లాడి కోసం రెండు చేలు తిరిగాను. దొరకలేదు. వాళ్ళ మేస్త్రీ ఈ ఏడు ఖమ్మం వైపు తోలుకెళ్ళాడట.

---

పడమటి పంతులు | ఫిబ్రవరి 10, ఉదయం 6:15

ఏ ఊరి పిల్లోడో కనుక్కున్నారా అమ్మా? పేరు ఇక్కడ రాయొద్దు, నాకు విడిగా పంపండి. ఉగాదికి వస్తారు కదా, చూస్తాను.